పచ్చ కాలనీలో పిర్ జీన్లు ఉన్నాయా? ఒక విబ్రియో జీనోమ్ చదివిన ప్రాజెక్టు డైరీ

వెనామీ రైతుకు ల్యాబు రిపోర్టులో ముందు కనబడేది రెండు అంకెలు: ఎల్లో కౌంట్, గ్రీన్ కౌంట్. టీసీబీఎస్ (విబ్రియో అనే బ్యాక్టీరియాను వేరుగా పెంచే జెల్లీ) ప్లేటు మీద చక్కెరను పులియబెట్టే విబ్రియోలు పసుపుగా, పులియబెట్టలేనివి పచ్చగా పెరుగుతాయి. గ్రీన్ పెరిగిందంటే గుంట గట్టు మీద గాబరా మొదలవుతుంది, ఎందుకంటే విబ్రియో పారాహీమోలైటికస్ పచ్చగానే వస్తుంది. అయితే ఆ జాతిలో అన్నీ రొయ్యను చంపవు. 2009లో చైనాలో బయటపడి తర్వాత వియత్నాం, థాయిలాండ్‌లను ముంచిన రొయ్యల జబ్బు ఈఎంఎస్‌కు (ఇప్పటి పేరు ఏహెచ్‌పీఎన్‌డీ) కారణం ఈ బ్యాక్టీరియా మోసే ఒక ప్లాస్మిడ్ (క్రోమోజోముకు బయట ఉండే గుండ్రటి డీఎన్ఏ ముక్క) మీద పక్కపక్కన ఉన్న రెండు జీన్లు: పిర్‌ఏ, పిర్‌బీ.

కండలేరు క్రీకు నీరు తోడుకునే ఒక గుంట నుంచి తీసిన పచ్చ కాలనీ ఈ ప్రాజెక్టు ముడిసరుకు. దాని జీనోమ్ మొత్తం చదివి, జీన్లు గుర్తించి, పిర్ జీన్లు ఉన్నాయో లేవో తేల్చాలి. ‘ఉంది’ అని చెప్పడానికి ఒక్క మ్యాచ్ చాలు. ‘లేదు’ అని చెప్పడానికే ఈ డైరీలో ఎక్కువ రోజులు పట్టాయి.

1వ రోజు

పచ్చ కాలనీని గీసి, 2 శాతం ఉప్పు కలిపిన ట్రిప్టోన్ సోయా అగార్ మీద మూడుసార్లు వేరు చేశాం. 30 డిగ్రీల దగ్గర రాత్రంతా పెంచి, సగం 20 శాతం గ్లిసరాల్‌లో మైనస్ 80కి పంపాం. ఈ మొదటి స్టాకు వయల్ మీద ‘పాసేజ్ 1’ (పాసేజ్ అంటే ఒక విడత పెంపకం) అని రాసి పెట్టడం మర్చిపోవద్దు. 38వ రోజున మళ్లీ అవసరమవుతుంది.

3వ రోజు

కాలమ్ కిట్‌తో డీఎన్ఏ తీశాం. నానోడ్రాప్‌లో 260/280 విలువ (డీఎన్ఏ ఎంత శుద్ధమో చెప్పే నిష్పత్తి) 1.9 వచ్చింది, బాగుంది. 260/230 మాత్రం 1.1. ఇది గ్వానిడిన్ ఉప్పు మిగిలిపోయిందనడానికి గుర్తు. వాష్ బఫర్‌తో ఇంకోసారి కడిగి, ఖాళీ కాలమ్‌ను రెండు నిమిషాలు తిప్పి ఆరబెట్టాక 2.0కి వచ్చింది. నానోడ్రాప్ చూపించే పరిమాణాన్ని నమ్మి లైబ్రరీ (సీక్వెన్సింగ్‌కు సిద్ధం చేసే డీఎన్ఏ ముక్కలు) కట్టకూడదు. ఆర్‌ఎన్ఏ ఉంటే అది కూడా 260 దగ్గర వెలుతురు పీల్చుకుంటుంది కాబట్టి అంకె ఉబ్బుతుంది. ఆర్‌ఎన్ఏజ్ వేసి క్యూబిట్‌తో కొలిస్తే మా శాంపిల్ మూడో వంతుకు పడిపోయింది.

విబ్రియోలు డీఎన్ఏను నరికే ఎంజైములను బయటికి వదులుతాయి. కల్చర్‌ను బెంచీ మీద వదిలేసి భోజనానికి వెళితే జెల్ మీద గీత బదులు పొగ కనిపిస్తుంది. పెల్లెట్ కాగానే ఐసులో పెట్టి, వెంటనే లైసిస్ బఫర్ పోయాలి.

9వ రోజు

బయట ల్యాబు నుంచి ఇల్యూమినా డేటా వచ్చింది: 150 అక్షరాల (ఏ, టీ, జీ, సీ) జంట రీడ్లు, అంటే ఒక్కో డీఎన్ఏ ముక్కను రెండు చివర్ల నుంచి చదివినవి. ఎన్ని కావాలో లెక్క ఇది. ఈ జాతి ప్రామాణిక జీనోమ్ (ఆర్‌ఐఎండీ 2210633, 2003లో ప్రచురించారు) రెండు క్రోమోజోములు: 32,88,558, 18,77,212 అక్షరాలు. కలిపి 51,65,770. నూరు రెట్ల కవరేజీ (ప్రతి అక్షరాన్నీ సగటున నూరుసార్లు చదవడం) కావాలంటే దాన్ని 100తో గుణించి 300తో భాగించాలి. సుమారు 17.2 లక్షల జతలు.

ఫాస్ట్‌పీతో అడాప్టర్లు (యంత్రం కోసం అతికించిన కృత్రిమ చివర్లు) కోశాం. జీసీ గ్రాఫు (రీడ్లలో జీ, సీ అక్షరాల శాతం) 45 శాతం దగ్గర ఒకే గుట్టగా, చక్కగా ఉంది. సంతోషించాం. అది తొందరపాటు.

10వ రోజు

స్పేడ్స్ అసెంబ్లీ (రీడ్లను అతికించి తిరిగి కట్టిన జీనోమ్) 98 లక్షల అక్షరాలు చూపించింది. 52 లక్షలు రావాల్సిన చోట దాదాపు రెట్టింపు. బుస్కో నడిపితే బ్యాక్టీరియా దాదాపు అన్నింటిలో ఒక్కో కాపీగా ఉండాల్సిన 124 జీన్లలో చాలావరకు ‘డూప్లికేటెడ్’ అని వచ్చాయి. కల్చర్‌లో రెండు జాతులు కలిసి ఉన్నాయన్నమాట. రెండో దానితో ఏఎన్ఐ (రెండు జీనోమ్‌ల అక్షరాలు సగటున ఎంత శాతం ఒకటో చెప్పే అంకె) పోలిక చూస్తే విబ్రియో ఆల్జినోలైటికస్ తేలింది. అది టీసీబీఎస్ మీద పసుపుగా వచ్చే జాతి.

జీసీ గ్రాఫు ఎందుకు పట్టుకోలేదు? రెండింటి జీసీ శాతమూ 45 దగ్గరే. గుట్ట మీద గుట్ట పడింది. మిక్స్ అయితే జీసీ గ్రాఫులో రెండు గుట్టలొస్తాయని ట్యుటోరియల్స్ చెప్పేది దూరపు జాతులు కలిసినప్పుడే నిజం. ఒకే జీనస్‌లో అది పనికిరాదు.

తప్పు మొదటిరోజే జరిగింది. ట్రిప్టోన్ సోయా అగార్ మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. మూడుసార్లు వేరు చేశాక ఒకసారి టీసీబీఎస్ మీద గీసి, ప్లేటంతా పచ్చగానే ఉందో లేదో చూడాల్సింది. ఆ ప్లేటు ఖర్చు ఎంతని! సీక్వెన్సింగ్ ఖర్చు మొత్తం బూడిదలో పోసినట్టయింది. మళ్లీ మొదటికి వచ్చాం.

26వ రోజు

కొత్త డేటా. అసెంబ్లీ 51 లక్షల చిల్లర, 70కి పైగా ముక్కలు. బుస్కో డూప్లికేట్లు సున్నా. ప్రామాణిక జీనోమ్‌తో ఏఎన్ఐ 98 దాటింది. 95 దాటితే ఒకే జాతిగా లెక్క.

ముక్కలు ఎందుకు అన్ని? ఈ జాతిలో రైబోజోమల్ ఆర్‌ఎన్ఏ ఆపెరాన్‌లు (పక్కపక్కనే ఉండి కలిసి పనిచేసే జీన్ల గుంపులు) 11: పెద్ద క్రోమోజోము మీద 10, చిన్నదాని మీద 1. ఒక్కోటి 5 వేల అక్షరాలకు పైనే, అన్నీ దాదాపు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటాయి. 150 అక్షరాల రీడు వాటిని దాటలేదు. దాంతో అసెంబ్లర్ పదకొండింటినీ ఒకే ముక్కగా కుక్కేస్తుంది. బార్‌నాప్ (ఆ ఆర్‌ఎన్ఏ జీన్లు వెతికే ప్రోగ్రాము) అందులోని 16ఎస్ జీన్‌ను ఒక్కసారే చూపించింది, ఆ ముక్క మీద కవరేజీ మాత్రం మిగతా వాటికి పది పదకొండు రెట్లు ఉంది. ‘జీన్ ఒక్కటే ఉంది’ అని రాసుకునే ముందు కవరేజీ కాలమ్ చూడాలని ఇక్కడే తెలుస్తుంది.

అతుకులు పోవాలని అదే డీఎన్ఏను ఉన్న ఆర్9.4 ఫ్లోసెల్ మీద నానోపోర్‌లోనూ (డీఎన్ఏను రంధ్రంలోంచి పంపి పొడవుగా చదివే యంత్రం) నడిపాం. పొడవైన రీడ్లతో ఫ్లై అనే అసెంబ్లర్ రెండు గుండ్రటి క్రోమోజోములు కట్టింది. మూడో ముక్క ఏదీ లేదు. ప్లాస్మిడ్ లేనట్టేనా? ఇంకా అనలేం. లైబ్రరీ కట్టేటప్పుడు పూసలతో చేసే శుద్ధిలో చిన్న ముక్కలు కొట్టుకుపోతాయి, చిన్న ప్లాస్మిడ్లను ఫ్లై వదిలేయడమూ మామూలే. పిర్ జీన్లు మోసే పీవీఏ1 సుమారు 70 వేల అక్షరాలది, అంత చిన్నదేం కాదు. అయినా దాని సంగతి విడిగా చూడాలి.

27వ రోజు

జీన్ల గుర్తింపు. సాఫ్ట్‌వేర్ నడిపే ముందు ఒక వెయ్యి అక్షరాలు చేత్తో చదివి చూశాం. ఈ పని ఒక్కసారైనా చేయకపోతే ఆ తర్వాత వచ్చే పట్టికలన్నీ కళ్లు మూసుకుని నమ్మాల్సి వస్తుంది.

ఒక పోగుకు మూడు ఫ్రేములు (మూడేసి అక్షరాల కోడాన్లుగా చదవడం ఎక్కడ మొదలుపెట్టామన్నదాన్ని బట్టి), ఎదురు పోగుకు మూడు, మొత్తం ఆరు. 64 కోడాన్లలో స్టాప్‌లు మూడు: టీఏఏ, టీఏజీ, టీజీఏ. అక్షరాలు ఎలా పడితే అలా పేర్చినా సగటున 21 కోడాన్లకు ఒక స్టాప్ తగులుతుంది. నూరు కోడాన్లు వరసగా స్టాప్ లేకుండా సాగే అవకాశం 0.8 శాతమే. అందుకే పొడుగ్గా తెరిచి ఉన్న ఫ్రేము కనిపిస్తే అక్కడ జీన్ ఉందని అనుమానిస్తాం. కానీ ఈ నియమాన్ని మరీ బిగించకూడదు. పిర్‌ఏ పొడవు 336 అక్షరాలు, అంటే 111 అమైనో ఆమ్లాలు. పిర్‌బీ 1317 అక్షరాలు, 438 అమైనో ఆమ్లాలు. కొన్ని పాత ఓఆర్‌ఎఫ్ (తెరిచి ఉన్న ఫ్రేము) స్క్రిప్టుల్లో కనీస పొడవు 150 కోడాన్లు అని ఉంటుంది. దానితో వెతికితే పిర్‌బీ దొరుకుతుంది, పిర్‌ఏ జారిపోతుంది. విషం పని చేయడానికి రెండూ కావాలి కాబట్టి ఆ రిపోర్టు ‘సగం ఆపెరాన్’ అని తప్పు కథ చెబుతుంది. జీన్లు వెతికే ప్రోగ్రాము ప్రొడిగల్ 90 అక్షరాల వరకూ కిందికి దిగి చూస్తుంది.

స్టాప్ ఎక్కడో చెప్పడం తేలిక, మొదలు చెప్పడమే కష్టం. బ్యాక్టీరియాలో ఏటీజీతో పాటు జీటీజీ, టీటీజీ కూడా మొదళ్లే. ఈ.కోలై కే-12లో సుమారు 83 శాతం జీన్లు ఏటీజీతో, 14 శాతం జీటీజీతో, 3 శాతం టీటీజీతో మొదలవుతాయి. మేం చదివిన ముక్కలో ఒక ఏటీజీ, దానికి 27 అక్షరాల ముందు ఒక జీటీజీ ఉన్నాయి. రెండూ ఒకే ఫ్రేములో. ఏది మొదలు? జీటీజీకి ఏడు అక్షరాల ముందు ఏజీజీఏజీ కనిపించింది, రైబోజోము వచ్చి కూర్చునే చోటు అది. ఏటీజీ ముందు అలాంటిదేమీ లేదు. పక్క జాతుల్లోని అదే ప్రొటీన్‌తో పోల్చినా వాటి మొదలు జీటీజీ దగ్గరికే వచ్చింది. తర్వాత ప్రొడిగల్ కూడా దాన్నే ఎంచుకుంది. ఇక్కడ ఒక చిన్న గుంత ఉంది. జీటీజీ మధ్యలో వస్తే వాలీన్, మొదట్లో వస్తే మెథియోనీన్. కోడాన్ పట్టిక పక్కన పెట్టుకుని ఎక్సెల్‌లో అనువదించేవాళ్లు మొదటి అక్షరం వాలీన్ అని రాసేస్తారు. జెనెటిక్ కోడ్ పట్టిక 11 (బ్యాక్టీరియాది) ఎంచుకుని, మొదలు కోడాన్ అని చెబితేనే సరైన ప్రొటీన్ వస్తుంది.

29వ రోజు

నానోపోర్ అసెంబ్లీ మీద ప్రొక్కా (జీన్లు గుర్తించి పేర్లు పెట్టే ప్రోగ్రాము) నడిపాం. మొదట రెండుసార్లు ఆగిపోయింది. ఒకటి, కాంటిగ్ (అసెంబ్లీలోని ఒక్కో ముక్క) పేరు 37 అక్షరాలు దాటితే అది ఒప్పుకోదు. పేర్లను సీ1, సీ2 అని మార్చాం. రెండు, చివర్లో పిలిచే టీబీఎల్2ఏఎస్ఎన్ పాతబడిందని మొరాయించింది. అప్‌డేట్ చేస్తే సరిపోయింది. ఫోల్డరు పేరులో ఖాళీ ఉన్నా ఇలాంటి తలనొప్పులే.

16 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో టీ తాగి వచ్చేలోపు ఫలితం వచ్చింది: దాదాపు 5,900 జీన్లు. ఇది తప్పుడు అంకె అని చూడగానే తెలియాలి. బ్యాక్టీరియాలో వెయ్యి అక్షరాలకు ఒక జీన్ అనేది మోటు లెక్కే అయినా నమ్మదగ్గదే, ప్రామాణిక జీనోమ్‌లో ఉన్నవి 4,832. వెయ్యి జీన్లు ఎక్కడినుంచి పుట్టుకొచ్చాయి?

పట్టికలో గైర్‌బీ_1, గైర్‌బీ_2 అని రెండు వరుసలు పక్కపక్కన ఉన్నాయి. ప్రొక్కాకు ఒకే పేరు రెండుచోట్ల పడితే ఇలా నంబర్లు తగిలిస్తుంది. రెండూ ఒకే పోగు మీద, ఒకదాని వెంట ఒకటి. పొడవులు కలిపితే సుమారు 800 అమైనో ఆమ్లాలు. గైర్‌బీ అసలు పొడవు కూడా అంతే. అంటే ఒక జీన్ మధ్యలో విరిగింది.

విరగడం ఎలా ఉంటుందో ఈ జీనోమ్‌లోనే మరోచోట దొరికిన అమరికతో చూపిస్తాం. ఉండాల్సింది ఇది:

జీఏటీ – ఏఏఏ – ఏఏఏ – సీటీజీ – ఏసీటీ

అస్పార్టేట్, లైసీన్, లైసీన్, లూసీన్, థ్రియోనీన్. ఆరు ‘ఏ’లు వరసగా ఉన్నాయి. ఒకే అక్షరం పదేపదే వస్తే రంధ్రంలోంచి వెళ్లే కరెంటు సంకేతం మారదు కాబట్టి ఆర్9.4 వాటిని సరిగ్గా లెక్కపెట్టలేదు. ఐదే అని చదివింది:

జీఏటీ – ఏఏఏ – ఏఏసీ – టీజీఏ

నాలుగో కోడాన్ టీజీఏ, స్టాప్. ఒక్క అక్షరం పోయినందుకు జీన్ అక్కడే ఆగిపోయింది, మిగతా సగం ఇంకో మొదలు వెతుక్కుని రెండో జీన్‌లా కనిపించింది.

30, 31 రోజులు

ఇల్యూమినా రీడ్లతో పాలీపాలిష్ (అసెంబ్లీలో అక్షరాల తప్పులు దిద్దే ప్రోగ్రాము) నడిపాం. ఇల్యూమినాకు ఈ బలహీనత లేదు. మళ్లీ ప్రొక్కా: సుమారు 4,750 జీన్లు. గైర్‌బీ ఒక్కటే, పూర్తి పొడవులో.

జీన్ల సంఖ్య తగ్గిందని ఊరుకోకుండా ఇంకో పరీక్ష పెట్టాం. ప్రతి ప్రొటీన్‌నూ డైమండ్‌తో యూనిప్రాట్ ప్రొటీన్ డేటాబేసు మీద వెతికి, మన ప్రొటీన్ పొడవును దొరికిన దాని పొడవుతో భాగించాలి. అసెంబ్లీ బాగుంటే ఈ నిష్పత్తి 1 దగ్గర సూదిమొనలా నిలబడుతుంది. పాలిష్‌కు ముందు 0.2 నుంచి 0.9 దాకా గడ్డిలా పరుచుకుని ఉంది. తర్వాత ఆ గడ్డి దాదాపు పోయింది. మిగిలిన కొన్ని నిజంగానే చచ్చిన జీన్లు కావచ్చు. ఒక్కోదాన్ని ఆర్టెమిస్‌లో తెరిచి ఇల్యూమినా రీడ్లు ఒప్పుకుంటున్నాయో లేదో చూశాం. రీడ్లన్నీ ఒకే మాట చెబితే అది సూడోజీన్. వాటిని ‘సరిచేయడం’ తప్పు.

34వ రోజు

పేర్లు పెట్టే పని. బక్తా నడిపాక కూడా నాలుగో వంతుకు పైగా జీన్లు ‘హైపోథెటికల్ ప్రొటీన్’గానే మిగిలాయి. అది సాఫ్ట్‌వేర్ లోపం కాదు. అక్కడ ఒక జీన్ ఉంది, దాని పని ఎవరికీ తెలియదు అని నిజాయితీగా చెప్పడమే. కంగారు పెట్టాల్సింది ధైర్యంగా పెట్టిన పేర్లే. 30 శాతం పోలికతో, ప్రొటీన్‌లో మూడో వంతు మాత్రమే సరిపోయిన చోట కూడా డేటాబేసులో ఎవరో పెట్టిన పేరు మనకు అంటుకుంటుంది. దాన్ని మనం డిపాజిట్ చేస్తే రేపు ఇంకొకరికి అంటుకుంటుంది. మేం పెట్టుకున్న గీత: ప్రొటీన్ పొడవులో 80 శాతం కవర్ కాకపోతే జీన్ పేరు వద్దు, ఇంటర్‌ప్రోలో దొరికిన డొమైన్ (ప్రొటీన్‌లో ఒక పని చేసే భాగం) పేరు మాత్రమే రాయాలి.

పోలిక లేకపోవడం కూడా మోసం చేస్తుంది. పిర్‌బీని బ్లాస్ట్‌లో వేస్తే పురుగులను చంపే ఫోటోరాబ్డస్ బ్యాక్టీరియా ప్రొటీన్లు దొరుకుతాయి, పిర్ అనే పేరు వచ్చిందే అక్కణ్నుంచి. బీటీ పత్తిలోని క్రై టాక్సిన్ మాత్రం ఆ జాబితాలో కనబడదు. అక్షరాల వరసలో పోలిక అంత తక్కువ. కానీ స్ఫటికాలు చేసి ఆకారం చూస్తే పిర్‌ఏ, పిర్‌బీ కలిసిన మడత క్రై టాక్సిన్‌లా ఉంది: కణం పొరకు కన్నం పెట్టే రకం. మార్కాపురం వైపు పత్తి చేలో కాయపురుగు పొట్టను చిల్లు చేసేదీ, సముద్రం ఒడ్డు గుంటలో రొయ్య లివర్‌ను పాడుచేసేదీ ఒకే కుదురు ఆయుధాలన్నమాట. వరుస పోలిక మీద మాత్రమే ఆధారపడితే ఈ చుట్టరికం దొరకదు.

వీఎఫ్‌డీబీతో (జబ్బు కలిగించే జీన్ల డేటాబేసు) వెతికితే పదుల కొద్దీ ‘వైరులెన్స్’ జీన్లు వచ్చాయి. అందులో ఎక్కువ భాగం కశాభం (ఈదే తోక) భాగాలు, ఒకటో రకం టీ3ఎస్ఎస్ (ఎదుటి కణంలోకి ప్రొటీన్లు ఎక్కించే సూదిలాంటి అమరిక). ఈ జాతిలో దాదాపు ప్రతి దానిలోనూ ఉండేవే. మనుషులకు విరోచనాలు తెప్పించే టీడీహెచ్, టీఆర్‌హెచ్ లేవు. యాంటీబయాటిక్ జాబితాలో బీఎల్ఏ-కార్బ్ తేలింది. యాంపిసిలిన్‌ను తట్టుకునే ఈ జీన్ ఈ జాతికి పుట్టుకతోనే క్రోమోజోము మీద ఉంటుంది. గుంటలో ఎవరో మందు వాడారనడానికి ఇది సాక్ష్యం కాదు. ఆ వరుస పక్కన ఆ మాట రాయకుండా రైతు చేతికి రిపోర్టు ఇవ్వకూడదు.

38వ రోజు

అసలు ప్రశ్న. టీబ్లాస్ట్‌ఎన్‌తో పిర్‌ఏ, పిర్‌బీ ప్రొటీన్లను అసెంబ్లీ మీద వెతికితే ఏమీ లేదు. అసెంబ్లీయే తప్పయితే? ముడి రీడ్లను నేరుగా పబ్లిక్ పీవీఏ1 ప్లాస్మిడ్ మీద పరిచాం. కొన్ని వేల రీడ్లు అంటుకున్నాయి! మొత్తం అంకె చూసి ‘ప్లాస్మిడ్ ఉంది’ అనేయొచ్చు. ఎక్కడ అంటుకున్నాయో చూస్తే కొన్ని ద్వీపాల్లాంటి ముక్కల మీదే. అవి ట్రాన్స్‌పోజేజ్‌లు (చోటు మార్చుకునే డీఎన్ఏ ముక్కలైన ట్రాన్స్‌పోజాన్ల జీన్లు), క్రోమోజోములో కూడా వాటి చుట్టాలు ఉంటాయి. పిర్ ఉన్న ప్రాంతం మీద ఒక్క రీడూ లేదు. రీడ్ల లెక్క కాదు, ఎంత వెడల్పు కప్పిందన్నదే చూడాలి.

ఆ సున్నాకు ఎంత బలం ఉంది? రెండు జీన్లు, మధ్యలోని 12 అక్షరాలు కలిపి 1665. నూరు రెట్ల కవరేజీలో, కణాల్లో నూటికి ఒకటి మాత్రమే ప్లాస్మిడ్ మోస్తున్నా అక్కడ 1665ను 150తో భాగించినన్ని, అంటే 11 రీడ్లు రావాలి. ఒక్కటీ రాలేదు కాబట్టి ఈ కల్చర్‌లో నూటికి ఒక కణంలో కూడా లేదని ధైర్యంగా అనొచ్చు. మా విశ్లేషణ దశల్లో ఎక్కడైనా జారిపోతోందేమోనని పీవీఏ1 నుంచి కృత్రిమ రీడ్లు తయారుచేసి మా డేటాలో కలిపి చూశాం. 20 రెట్లకు స్పేడ్స్ ప్లాస్మిడ్‌ను కట్టింది. 2 రెట్లకు కట్టలేకపోయింది, కానీ రీడ్లను పరిచినప్పుడు పిర్ ప్రాంతం స్పష్టంగా కనిపించింది. అందుకే అసెంబ్లీ చూసి మాత్రమే ‘లేదు’ అనొద్దు.

మిగిలిన సందేహం ఒకటే. పలుమార్లు పెంచడంలో ప్లాస్మిడ్ పోయిందా? సీక్వెన్స్ చేసిన కల్చర్ రెండోసారి శుద్ధి చేసింది, అంటే ఆరు పాసేజ్‌లు దాటింది. మొదటిరోజు దాచిన పాసేజ్ 1 వయల్‌ను తీసి, పిర్‌ఏ మీద 333 అక్షరాలు పెంచే ఏపీ3 ప్రైమర్లతో (వెతికే జీన్‌కు అంటుకునే చిన్న డీఎన్ఏ ముక్కలు) పీసీఆర్ చేశాం. పాజిటివ్ కంట్రోల్‌గా కృత్రిమంగా చేయించిన పిర్‌ఏ ముక్క, డీఎన్ఏ బాగుందని చూపడానికి పక్కనే 16ఎస్. పాసేజ్ 1లో ఆల్జినోలైటికస్ కలిసే ఉంది, ఈ పరీక్షకు అది అడ్డు కాదు. 16ఎస్ గీత వచ్చింది, కంట్రోల్ గీత వచ్చింది, మా లేన్ ఖాళీ. పాత ఏపీ1, ఏపీ2 ప్రైమర్లు వాడకపోవడానికి కారణం ఉంది: అవి ప్లాస్మిడ్‌ను పట్టుకుంటాయి, విషాన్ని కాదు. పిర్ జీన్లు ట్రాన్స్‌పోజాన్‌తో పాటు ఊడిపోయి, మిగతా ప్లాస్మిడ్ అలాగే ఉన్న విబ్రియోలు ఉంటాయి. వాటికీ అవి పాజిటివ్ చూపిస్తాయి.

41వ రోజు

ఎన్‌సీబీఐకి (అందరికీ తెరిచి ఉండే అమెరికా జీనోమ్ డేటాబేసు) డిపాజిట్ సిద్ధం. వాళ్ల పీజీఏపీ మళ్లీ తనదైన పద్ధతిలో జీన్లు గుర్తిస్తుంది, మా పట్టికకూ దానికీ ఒకటి రెండు వందల తేడాలు వస్తాయి. ఎక్కువ భాగం మొదలు కోడాన్ దగ్గరే. స్థలం దగ్గర అక్షాంశ రేఖాంశాలు ఆరు దశాంశాల వరకు రాస్తే ఫలానా రైతు గుంట అని ఎవరైనా మ్యాపులో చూసేస్తారు. రెండు దశాంశాలతో ఆపి, మండలం పేరు మాత్రమే ఇచ్చాం.

రైతుకు ఇచ్చే కాగితం మీద వాక్యం ఇలా రాశాం: ‘ఈ ఒక్క కాలనీలో పిర్‌ఏ, పిర్‌బీ జీన్లు లేవు. మీ గుంటలో ఉన్న మిగతా విబ్రియోల గురించి ఈ పరీక్ష చెప్పదు.’ దానికోసం రొయ్యల లివర్ నుంచి నేరుగా తీసిన డీఎన్ఏ మీద రెండు విడతల ఏపీ4 పీసీఆర్ చేయాలి. మూలలు, మధ్య కలిపి గుంటలో ఐదు చోట్ల నుంచి శాంపిల్స్ తీసుకోవాలి. ప్రైమర్లకు ఆర్డరు పెట్టాం. అవి వచ్చేలోపు ఎయిరేటర్ల దగ్గర ఒక వల, ఐసు డబ్బా, 95 శాతం ఆల్కహాల్ పోసిన 50 ట్యూబులు సిద్ధం చేసి పెట్టుకోవాలి.